ఒప్పుకోని రెండు కళ్లు

2023 ఆగస్టు 27న చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవర్‌కు ఒక గొయ్యి అడ్డొచ్చింది. వెడల్పు నాలుగు మీటర్లు. రోవర్‌కూ గొయ్యికీ మధ్య మిగిలిన దూరం మూడు మీటర్లు. ఆ ఆరు చక్రాల బండి బరువు 26 కిలోలు, కిరాణా కొట్లో కొనే బియ్యం బస్తా అంత. నడక సెకనుకు ఒక సెంటీమీటరు. గోతిలోకి దొర్లితే లేవదీసే దిక్కు లేదు. వచ్చిన దారినే వెనక్కి మళ్లమని భూమి నుంచి ఆదేశం వెళ్లింది. మళ్లింది.

వార్త చదివినవాళ్లు గొయ్యి గురించి మాట్లాడుకున్నారు. నా మనసు మాత్రం ఆ మూడు మీటర్ల దగ్గరే ఆగిపోయింది. మూడు అని కొలిచిందెవరు? టేపు రెండో కొస పట్టుకోవడానికి అక్కడ మనిషి లేడు కదా.

రోవర్ ముందు భాగంలో పక్కపక్కనే రెండు కెమెరాలున్నాయి. ఇస్రోవారి ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాలలో తయారైనవి. రెండూ ఒకే నేలను కాస్త ఎడంగా ఉండి చూసేవి. ఆ నలుపు తెలుపు ఫోటోల జంట భూమికి చేరేది. ఇక్కడ కంప్యూటరు రెంటినీ పోల్చి, ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం, ఏ రాయి ఎంత దూరం అని లెక్కగట్టి, రోవర్ ముందున్న నేలకు ఒక నకలు తయారుచేసేది. ఇంజనీర్లు ఆ నకలు నేల మీద దారి గీసి, ఆ దారిని పైకి పంపేవారు. అంటే ప్రజ్ఞాన్ చక్రం ముందు భూమ్మీద కంప్యూటరులో తిరిగి, తర్వాతే చంద్రుడి మన్ను తొక్కింది. అదీ ఒక్కో విడతకు ఐదు మీటర్లే. అంతకు మించి ఆ నకలును నమ్మలేరు. ఎందుకు నమ్మలేరో కాసేపట్లో లెక్క వేసి చూద్దాం.

ఈలోగా కిటికీ దగ్గరికి వెళ్లండి. ఊచకు మూరెడు దూరంలో ముఖం పెట్టి, బయటి చెట్టును ముందు కుడికంటితోనే, తర్వాత ఎడమకంటితోనే చూడండి. ఊచ ఇటు నుంచి అటు గెంతుతుంది. వీధి చివరి చెట్టు కదిలీ కదలనట్టు కదులుతుంది. చందమామ ఉంటే కదలనే కదలడు. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త ఎడం చాలు, రెండు కళ్లూ ఒకే లోకాన్ని చూస్తూ ఒకే సాక్ష్యం చెప్పకపోవడానికి. ఊచ చెట్టుకు ఎడమపక్కన ఉందంటుంది ఒకటి. కుడిపక్కన అంటుంది ఇంకొకటి. మెదడు వీళ్లలో ఎవరినీ అబద్ధాలకోరు అనదు. ఇద్దరి మాటల్లో తేడా ఎంతో చూసి, ఆ తేడానే దూరంగా చదువుకుంటుంది.

ఈ సంగతిని రుజువుతో సహా చెప్పినవాడు చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మీటర్ బ్రిడ్జి తీగ మీద జాకీ జరుపుతూ మనలో చాలామంది తిట్టుకున్న పెద్దమనిషే. 1838లో లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన పత్రంలో ఆయన ఒక పరికరాన్ని వర్ణించాడు. ఏటవాలుగా నిలబెట్టిన రెండు అద్దాలు, వాటికి ఇటొకటి అటొకటి రెండు బొమ్మలు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మే కనబడుతుంది. ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడి కావడానికి ఇంకో ఏడాది ఉంది కాబట్టి అవి చేత్తో గీసిన గీతల బొమ్మలు. ఎడమకంటికి ఎలా కనబడుతుందో ఒకటి, కుడికంటికి ఎలా కనబడుతుందో ఒకటి. రెండూ చదునైనవే, కలిపి చూస్తే మాత్రం ఘనరూపం లేచి నిలబడింది. తర్వాత ఫోటోలొచ్చాయి. డేవిడ్ బ్రూస్టర్ అద్దాల బదులు కటకాలు పెట్టి చేతిలో ఇమిడే పెట్టె చేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడింది. ఇక అది ధనవంతుల ముందుగదుల్లో కాలక్షేపం అయింది. 1984లో వచ్చిన మలయాళ త్రీడీ సినిమాను మనవాళ్లు ‘చిన్నారి చేతన’గా చూసినప్పుడు హాల్లో పంచిన కళ్లజోడు కూడా ఆ పెట్టెకు మునిమనవడే. ఏ కంటి బొమ్మ ఆ కంటికి చేర్చడమే దాని పని.

ఆ పెట్టెలో కళ్లు పెట్టినవాడికి లోతు కనబడింది గానీ కొలత దొరకలేదు. కొలత దొరకడానికి ఒకడు గోడ మీంచి పడబోవాల్సి వచ్చింది.

* * *

1858. జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊరు. ఆల్బ్రెక్ట్ మైడెన్‌బవర్ అనే ఇరవైనాలుగేళ్ల కుర్రవాడికి అక్కడి పెద్ద చర్చిని కొలిచి పటాలు గీసే పని అప్పగించారు. ఆ రోజుల్లో కట్టడాన్ని కొలవడమంటే దాని మీదికి పాకడమే. పైకెక్కి కొలుస్తుండగా పట్టు తప్పింది. చివరి క్షణంలో ఎలాగో నిలదొక్కుకుని బతికి బయటపడ్డాడు. కిందికి దిగాక అతనికి వచ్చిన ఆలోచన ఇది: కట్టడం మీద చేత్తో కొలిచే బదులు, కట్టడం ఫోటో మీద కొలవకూడదా?

ఒక్క ఫోటో మీద కొలవలేం. ఫోటోలో గోపురం చిన్నగా ఉంటే అది చిన్నదైనా కావచ్చు, దూరంగానైనా ఉండొచ్చు. ఫోటో ఒక్క సంగతే ఖాయంగా చెబుతుంది: ఆ గోపురం కొస కెమెరాకు ఏ దిక్కున ఉందో. దిక్కు తెలుస్తుంది, దూరం తెలియదు. అయితే ఇద్దరు మనుషులు రెండు పొలం గట్ల మీద నిలబడి ఒకే తాడిచెట్టు వైపు చెయ్యి చాపారనుకోండి. గట్ల మధ్య దూరం మనకు తెలుసు. చాపిన చేతులను కాగితం మీద గీతలుగా పొడిగిస్తే అవి ఒకచోట కలుస్తాయి. తాడిచెట్టు అక్కడే ఉంది. ఎవరూ చెట్టు దగ్గరికి నడవలేదు. మైడెన్‌బవర్ పద్ధతి కూడా ఇంతే. మనుషుల బదులు కెమెరాలు, తాడిచెట్టు బదులు చర్చి శిఖరం. 1867లో దీనికి ఫోటోగ్రామెట్రీ అన్న పేరు అచ్చులోకెక్కింది. 1885లో ప్రష్యా ప్రభుత్వం బెర్లిన్‌లో దీనికోసమే ఒక సంస్థను పెట్టి అతన్నే అధిపతిని చేసింది. ఆ సంస్థ దశాబ్దాల తరబడి కట్టడాల ఫోటోలు తీసి, గాజు పలకల మీద వేల సంఖ్యలో దాచింది. వాటిలో చాలా ఫోటోల నుంచి ఎవరూ పటాలు గీయలేదు. అవసరం వచ్చినప్పుడు గీసుకోవచ్చని ఊరికే దాచారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు కూలిన కట్టడాలను మళ్లీ నిలబెట్టేటప్పుడు ఆ గాజు పలకలు బయటికొచ్చాయి. కొలతను వాయిదా వేయొచ్చు అన్నది మైడెన్‌బవర్ మనకిచ్చిన అసలు వరం అని నాకనిపిస్తుంది. టేపుతో కొలిచేవాడు ఆ రోజు ఏది ముఖ్యమనుకుంటే దాన్నే కొలుస్తాడు. ఫోటోల జంట మాత్రం ఎవరూ అడగని కొలతలను కూడా దాచి ఉంచుతుంది.

గీతలు గీసే ఈ చాకిరీని రెండు కళ్ల చూపుతో కలిపినవాడు కార్ల్ పుల్‌ఫ్రిచ్. జర్మనీలోనే, యేనా ఊరి జైస్ కంపెనీలో పనిచేసేవాడు. 1901లో ఆయన చేసిన యంత్రంలో రెండు ఫోటో పలకలు పెట్టి, రెండు కళ్లతో చూస్తూ, ఒక్కో బిందువు తేడాను మరలతో కొలవొచ్చు. ఇందులో ఒక విషాదం ఉంది. 1906లో పుల్‌ఫ్రిచ్‌కు ఒక కంటి చూపు పోయింది. రెండు కళ్లుంటేనే పనికొచ్చే యంత్రాన్ని చేసినవాడికి అది ఇక పనికి రాలేదు. అయినా ఆయన ఆ రంగం వదల్లేదు. ఇవాళ ఆయన పేరుతో చెప్పుకునే కంటి వింతను 1922లో లోకానికి వివరించాడు, తాను చూడలేకపోయినా. మీరు చూడొచ్చు. దారానికి ఉంగరం కట్టి కుడి ఎడమలకు తిన్నగా ఊపమనండి. ఒక కంటికి మాత్రం నల్లకళ్లద్దం అడ్డం పెట్టుకుని రెండు కళ్లూ తెరిచి చూడండి. ఉంగరం గుండ్రంగా తిరుగుతున్నట్టు కనబడుతుంది. చీకటిపడ్డ కన్ను తన వార్తను రవ్వంత ఆలస్యంగా మెదడుకు చేరుస్తుంది. ఆలస్యం తేడాగా మారుతుంది, తేడా దూరంగా మారుతుంది.

* * *

ఇప్పుడు ఐదు మీటర్ల లెక్క.

ప్రజ్ఞాన్ బదులు 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లను తీసుకుందాం. వాటి దారిచూపే కెమెరాల మధ్య ఎడం 20 సెంటీమీటర్లు. లెక్క సులువు కోసం లెన్సు మాత్రం ఇలాంటిదనుకుందాం: మీటరు దూరంలో ఉన్న మీటరు పొడవు వస్తువు ఫోటోలో 1000 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. అప్పుడు రెండు ఫోటోల్లో ఒక రాయి స్థానంలో వచ్చే తేడా తెలియాలంటే 200ను దాని దూరంతో భాగిస్తే చాలు. రాయి రెండు మీటర్లలో ఉంటే తేడా 100 పిక్సెళ్లు. ఇరవై మీటర్లలో ఉంటే 10. వంద మీటర్లలో ఉంటే 2.

కంప్యూటరు ఒక్క పిక్సెల్ పొరబడిందనుకోండి. 100కు బదులు 99 అంటే, రాయి రెండు మీటర్లకు బదులు రెండు మీటర్ల రెండు సెంటీమీటర్లు. ఫరవాలేదు. 10కి బదులు 9 అంటే, ఇరవై మీటర్ల రాయి ఇరవై రెండు దాటిపోయింది. 2కు బదులు 1 అంటే, వంద మీటర్ల కొండ రెండు వందల మీటర్లకు పారిపోయింది. దూరం పదింతలైతే పొరపాటు వందింతలవుతుంది. గోతుల మధ్య నడిచే బండి ఐదేసి మీటర్ల చొప్పున అడుగేయడంలో పిరికితనం ఏమీ లేదు.

దీనికి విరుగుడు కళ్ల మధ్య ఎడం పెంచడం. ఎంతవరకు పెంచొచ్చు? 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1ను చూడండి. 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల ఎత్తుపల్లాలు కొలవడానికి పంపిన ఉపగ్రహం అది. అందులో రెండు కెమెరాలుండేవి, ఒకటి 26 డిగ్రీలు ముందుకు వంగి, రెండోది 5 డిగ్రీలు వెనక్కి వంగి. ముందు కెమెరా శంషాబాద్‌ను ఫోటో తీసిందనుకుంటే, అదే నేల వెనక కెమెరాకు 52 సెకన్ల తర్వాత కనబడేది. ఈలోగా ఉపగ్రహం 380 కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణించింది. అంటే హైదరాబాద్, విజయవాడల మధ్య దూరం కన్నా ఎక్కువ ఎడంతో పెట్టిన రెండు కళ్లన్నమాట. ఆ చూపుల నుంచి పుట్టిన మన దేశపు ఎత్తుల పటం కార్టోడెమ్‌ను బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. బస్సు కిటికీలో తుమ్మచెట్లు వెనక్కి పరుగెత్తుతూ చందమామ మాత్రం మనతో వస్తున్నట్టనిపించడంలో ఉన్న కిటుకే ఇది. ఒక్క కన్నయినా కదులుతూ చూస్తే రెండు కళ్ల పెట్టు.

కానీ ఎడం పెరిగేకొద్దీ రెండు చూపులూ ఒకదాన్నొకటి పోలడం మానేస్తాయి. ఒకదానికి కనబడిన గోడ రెండోదానికి చాటవుతుంది. అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది.

* * *

పొలం గట్ల మీది ఇద్దరి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఇప్పుడు ఎదురుగా ఒక్క తాడిచెట్టు కాదు, తాళ్ల వరస ఉంది. మొదటివాడు ఒక చెట్టు వైపు చెయ్యి చాపాడు. రెండోవాడు అదే చెట్టు అనుకుని దాని పక్కదాన్ని చూపించాడు. గీతలు ఇప్పుడు కూడా కలుస్తాయి. కాకపోతే చెట్టే లేని చోట కలుస్తాయి. చేను మధ్యలో లేని తాడిచెట్టు మొలుస్తుంది.

రెండు చూపుల లెక్కలో రేఖాగణితం హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఈ చుక్కకు ఆ చుక్కే జత అని తేల్చడంలోనే ప్రాణం పోతుంది. కంప్యూటరు శాస్త్రవేత్తలు అరవై ఏళ్లుగా ఎక్కువగా పోట్లాడుతున్నది దీనితోనే. ఒక్క ఊరట ఉంది. రెండు కెమెరాలు ఎలా నిలబడ్డాయో ముందే తెలిస్తే, ఎడమ ఫోటోలోని చుక్కకు జతను కుడి ఫోటో అంతటా వెతకక్కర్లేదు, ఒకే అడ్డవరసలో వెతికితే చాలు. ఆ వరసలో కూడా ఒక్క పిక్సెల్‌ను చూసి గుర్తుపట్టలేం గనక దాని చుట్టూ ఉన్న కాస్త ముక్కను చూస్తారు, కరపత్రం చినిగిన అంచులు కలిపి చూసినట్టు.

మన మెదడు ఈ జతల పని ఎలా చేస్తుంది? ముందు ఇది చెట్టు, ఇది ఊచ అని రెండు కళ్లలో విడివిడిగా గుర్తుపట్టి తర్వాత జత కలుపుతుందని చాలామంది అనుకునేవారు. 1960 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెష్ ఈ నమ్మకాన్ని కూల్చేశాడు. 1956లో హంగరీ వదిలి వచ్చిన ఇంజనీరు ఆయన. కంప్యూటరుతో ఇష్టం వచ్చినట్టు నలుపు తెలుపు చుక్కలు చల్లించి ఒక బొమ్మ చేశాడు. దానికి నకలు తీసి, మధ్యలో చదరంగా ఒక ముక్కను కొద్దిగా పక్కకు జరిపాడు. ఏ బొమ్మను విడిగా చూసినా నూకలు చల్లినట్టుంటుంది, చదరం జాడే ఉండదు. రెండు కళ్లకూ రెండు బొమ్మలు చూపిస్తే చదరం గాల్లో తేలుతూ కనబడుతుంది. ఏ కంట్లోనూ లేని ఆకారం రెండింటి మధ్య పుట్టింది. జత కలపడం ముందు, గుర్తుపట్టడం తర్వాత అని తేలింది. యంత్రానికి చూపు నేర్పాలనుకున్నవాళ్లకు ఇది శుభవార్త. చెట్టంటే ఏమిటో తెలియని యంత్రం కూడా చెట్టు దూరం చెప్పగలదు.

నేర్పడం మొదలుపెట్టినవాళ్లలో స్టాన్‌ఫర్డ్‌లోని హాన్స్ మొరావెక్ బండి నాకు ఇష్టం. ఆ బండి మీద ఒకే ఒక టీవీ కెమెరా. అది ఒక పట్టా మీద పక్కకు జరుగుతూ తొమ్మిది ఫోటోలు తీస్తుంది, అంటే ఒక్క కన్నే తొమ్మిది కళ్లు. లెక్క కట్టి, మీటరు నడిచి, ఆగి, మళ్లీ తొమ్మిది ఫోటోలు. 1979లో కుర్చీలు అడ్డదిడ్డంగా వేసిన గదిని మనిషి సాయం లేకుండా దాటింది, ఐదు గంటల్లో. గదిలో సరే, ఆరుబయట దానికి ఎండతో పేచీ వచ్చింది. నేల మీద నీడ అంచును అది రాయి అంచులాగే ఆనవాలు పెట్టుకునేది. లెక్క పూర్తయ్యేసరికి పొద్దు తిరిగి ఆనవాలు జరిగిపోయేది.

* * *

నా సొంత అనుభవం కూడా చెప్పుకోవాలి. కోనసీమలో మా అమ్మమ్మ వాళ్లది మండువా ఇల్లు. దాన్ని పడగొట్టి డాబా కడతానని మామయ్య చెప్పినప్పుడు, పడగొట్టే ముందు ఒక పూట నాకివ్వమని ఫోను పట్టుకుని వెళ్లాను. మూడు వందల పైచిలుకు ఫోటోలు తీశాను. గోడ వెంట ఒక్కో అడుగు పక్కకు జరుగుతూ, ప్రతి ఫోటోలో ముందు ఫోటోలో పడిన గోడ ముప్పాతిక వంతు మళ్లీ పడేలా.

"ఏంట్రా అది, గోడ నాకుతున్నట్టు? పెళ్లి ఫోటోల వాడిలా మధ్యలో నిలబడి చుట్టూ తిప్పి తీసెయ్యకూడదా?" అన్నాడు మామయ్య, వాలుకుర్చీలోంచి.

"అలా తీస్తే లోతు రాదు మామయ్యా. కాళ్లు కదలాలి."

నిజమే. ఒకేచోట నిలబడి మెడ తిప్పితే కెమెరాకు ఎడం ఏర్పడదు. ఎడం లేకపోతే తేడా లేదు, తేడా లేకపోతే దూరం లేదు. మొదటిసారి ప్రయత్నించే ప్రతివాడూ చేసే తప్పు ఇదే.

తర్వాత పనంతా కంప్యూటరుది, అది అచ్చం ముగ్గు వేసినట్టే సాగుతుంది. ముందు చుక్కలు: ఫోటోల మధ్య జతలు కలిసిన బిందువులు శూన్యంలో తేలుతూ కనబడతాయి, దూరం నుంచి చూస్తే ధూళితో కట్టిన ఇల్లులా. తర్వాత చుక్కలు కలపడం: పక్కపక్క బిందువులను త్రికోణాలుగా కుట్టి వలలాంటి చర్మం చేస్తుంది. చివర రంగులు: అసలు ఫోటోల నుంచే రంగు తీసి ఆ చర్మం మీద అద్దుతుంది.

తెల్లారి లేచి చూసుకుంటే తులసికోట అద్భుతంగా వచ్చింది. పెంకుల వరసలు, పొగచూరిన దూలాలు, అంచులు కొట్టుకుపోయిన అరుగు, పసుపు పూసిన గడప, అన్నీ వేలితో తడమాలనిపించేలా ఉన్నాయి. హాలు గోడ మాత్రం లేదు. సంక్రాంతికి కొత్తగా సున్నం వేసిన గోడ. ఎక్కడ చూసినా ఒకే తెలుపు. ఏ చుక్కకు ఏది జతో తేల్చుకోలేక కంప్యూటరు గోడనే ఎత్తేసింది. దానికి తగిలించిన క్యాలెండరు ఒక్కటే గాల్లో వేలాడుతోంది. ఇత్తడి గంగాళం ముదరపాకం పట్టిన బెల్లంలా కారిపోయింది, ఎందుకంటే దాని మీది మెరుపు నేను జరిగినప్పుడల్లా నాతో జరిగింది. ఇనప బీరువా అద్దం వెనక ఒక కొత్త గది మొలిచింది. అద్దంలో కనబడిన గదిని కంప్యూటరు నిజం గదే అనుకుని, లెక్క తప్పకుండా గోడ అవతల కట్టిపెట్టింది.

మనుషులకు అందంగా అనిపించే కొత్త గోడ ఈ విద్యకు గుడ్డిచోటు. పెచ్చులూడి, నాచుపట్టి, వానచారలు దిగిన గోడ దీనికి పండగ. శిథిలాల కోసమే పుట్టిన విద్యేమో అనిపిస్తుంది. అయితే శిథిలాల్లోనూ చిక్కుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలా నున్నగా చెక్కిన రాతి స్తంభాలు వరసలు కట్టిన చోట తాళ్ల వరస తగాదా తప్పదు, పైగా మెరుపు. ఖాళీ గోడకు మాత్రం ఒక ఉపాయం దొరికింది: గోడ మీద చుక్కలు లేకపోతే మనమే చుక్కలు పెట్టడం. 2010లో మైక్రోసాఫ్ట్ అమ్మిన కినెక్ట్ ఆటపరికరం కంటికి కనబడని పరారుణ చుక్కలను గది అంతా చల్లి, అవి ఎక్కడ పడ్డాయో తన కెమెరాతో చూసి దూరాలు లెక్కగట్టేది.

నా గోడకు వచ్చిన చిల్లును ఏం చేయాలి? సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది, నొక్కితే చిల్లు పూడుతుంది. చుట్టూ ఉన్న అంచులను బట్టి మధ్యలో ఏదో ఒకటి పరిచేస్తుంది. నొక్కితే చూడ్డానికి బాగుంటుంది. నేను నొక్కలేదు. సినిమా సెట్టుకైతే సరే. గుడి నమూనానో కోట నమూనానో చేసేవాళ్లు మాత్రం ఏది కొలిచిందో ఏది ఊహించిందో చూసేవాడికి వేరుగా తెలిసేలా ఉంచాలి. అలా ఉంచకపోతే వందేళ్ల తర్వాత చూసేవాడు ఊహను సాక్ష్యం అనుకుంటాడు. ఇప్పటి కొత్త పద్ధతులు, 2020లో వచ్చిన నెర్ఫ్, 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్, గంగాళం మెరుపును కూడా కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. నాకు వాటి మీద ముచ్చట ఉంది, అనుమానమూ ఉంది. అందంగా కనబడటానికీ సరిగ్గా కొలవడానికీ మధ్య ఉన్న దూరాన్ని అవి బాగా దాచేస్తాయి.

* * *

నా ఫోటోలు తీసేటప్పుడు ఫోను ఎక్కడెక్కడ ఉందో నేను రాసుకోలేదు. మైడెన్‌బవర్‌కైతే అది రాసుకోకుండా పని జరిగేది కాదు. ఈ బాధ తప్పించడంలో పెద్ద అడుగు 1981లో పడింది. రసాయనశాస్త్ర సిద్ధాంతాల నుంచి మెదడు సంగతుల వైపు మళ్లిన క్రిస్టఫర్ లాంగెట్-హిగ్గిన్స్ ‘నేచర్’ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. రెండు ఫోటోల మధ్య ఎనిమిది చుక్కల జతలు సరిగ్గా దొరికితే చాలు, కెమెరాలు ఒకదానికొకటి ఏ దిక్కున నిలబడ్డాయో కూడా ఆ చుక్కలే చెబుతాయని చూపించాడు. ఇక జతలు దొరకడమే మిగిలింది. కెనడాలో డేవిడ్ లో అనే ఆయన 1999లో ప్రతిపాదించిన పద్ధతి, వస్తువు ఫోటోలో చిన్నగా పడినా పెద్దగా పడినా పక్కకు తిరిగినా పట్టుకోగల ఆనవాళ్లను ఇచ్చింది. ఆ రెండూ కలిశాక, ఎవరు ఎక్కడ నిలబడి తీశారో తెలియని ఫోటోల గుట్ట కూడా ముడిసరుకైంది. 2006లో నోవా స్నేవ్లీ, స్టీవ్ సైట్జ్, రిచర్డ్ సెలిస్కీ యాత్రికులు ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోటోల నుంచి కట్టడాలను నిలబెట్టారు. 2009లో అదే దారిలో, రోము నగరం ఫోటోలు లక్షన్నరను ఐదు వందల దాకా ప్రాసెసర్లు ఒక్క రోజు లోపు జతకలిపాయి.

ఈ విద్య అసలు విలువ నాకు తెలిసింది రోములో కాదు, బామియాన్‌లో. అఫ్గానిస్తాన్ కొండరాతిలో చెక్కిన ఇద్దరు బుద్ధుల్లో పెద్దవాడి ఎత్తు 53 మీటర్లు. 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేశారు. ఆ తర్వాత జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఆర్మిన్ గ్రూన్ బృందం పెద్ద బుద్ధుడిని కంప్యూటరులో మళ్లీ నిలబెట్టడానికి పూనుకుంది. ఇంటర్నెట్‌లో యాత్రికుల ఫోటోలు దొరికాయి. వాటన్నిటికన్నా అక్కరకొచ్చినవి, ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌కు చెందిన ప్రొఫెసర్ రాబర్ట్ కోస్ట్‌కా 1970లో కొలతల కెమెరాతో తీసిన ఫోటోలు. ముప్పై ఏళ్లుగా వాటి అవసరం ఎవరికీ ఇంతగా పడలేదు. వాయిదా వేసిన కొలత మళ్లీ ఆదుకుంది.

జతలు కలిపే పనిని ముందు కంప్యూటరుకే అప్పజెప్పారు. బుద్ధుడి ఒడ్డూ పొడుగూ వచ్చాయి. చీవరం మడతలు రాలేదు. కంప్యూటరు ముక్కలు ముక్కలుగా పోల్చి చూస్తుంది కదా, ముక్క కన్నా సన్నని మడత అందులో కరిగి సమతలం అయిపోయింది. ఒంటి మీద గుడ్డ ఇస్త్రీ చేసినట్టు నున్నగా తేలాడు బుద్ధుడు. చివరికి మనుషులే కూర్చుని, ఫోటోల్లో ఒక్కో మడత అంచును కళ్లతో చూస్తూ, చుక్క వెంట చుక్క చేత్తో కొలిచారు. అప్పుడు గానీ వస్త్రం వస్త్రంలా వేలాడలేదు.

* * *

లాంగెట్-హిగ్గిన్స్ ఎనిమిది చుక్కలు చెప్పలేని సంగతి ఒకటుంది. ఎంత పెద్దది అన్నది. ఫోటోలు ఎన్ని తీసినా, గుడినీ దాని బొమ్మనీ వాటినొక్కటే చూసి వేరు చేయలేం. ఆకారం అంతా తు.చ. తప్పకుండా వస్తుంది, కొలబద్ద మాత్రం రాదు. రోవర్‌కు ఆ చింత లేదు, దాని కెమెరాల మధ్య ఎడం ఎంతో బిగించినవాళ్లకు తెలుసు. పురావస్తువాళ్లు రాతి పక్కన నలుపు తెలుపు గళ్ల కర్ర పెట్టి ఫోటో తీసేది అందుకే. ఏదో ఒక్క పొడవు నిజంగా తెలిస్తే మిగతావన్నీ వరస కడతాయి.

నేను కర్ర పెట్టలేదు. ఏ గోడనూ టేపుతో కొలవలేదు. గుర్తొచ్చేసరికి ఇల్లు లేదు, పునాదులు తవ్వుతున్నారు. మామయ్యకు ఫోన్ చేశాను.

"వీధి గుమ్మం టేకుది కదా, దాన్నేం చేశావు మామయ్యా?"

"కొత్తింటికి పెడదామని పాకలో పెట్టించాను. ఏం?"

"దాని వెడల్పు కొలిచి చెప్పు. లోపలి కొలత."

టేపు వెతికి, కొలిచి, అరగంటకు మళ్లీ చేశాడు. మూడడుగుల రెండంగుళాలు. ఆ ఒక్క అంకె కంప్యూటరుకిచ్చాను. ఇల్లంతా ఒక్కసారిగా తన సైజుకు వచ్చింది. అరుగు ఎత్తు, దూలాల పొడవు, మండువా వెడల్పు, ఏది అడిగితే అది చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రి మామయ్యకు అవన్నీ చదివి వినిపించాను.

"మండువా పదకొండడుగులేనా? నీ కంప్యూటరుకి లెక్క రాదురా. అక్కడ మేం నలుగురం మంచాలేసుకుని పడుకుంటే ఇంకా బోలెడంత చోటుండేది."

గుమ్మం ఇంకోసారి కొలవమన్నాను. మర్నాడు పొద్దున్నే కొలిచాడు. మూడడుగుల రెండంగుళాలే.